మానని పుండుకు మాగిన అనాస

సూళ్లూరుపేట,
18-1-1962.

ఒసే శేషమ్మా,

నీ కార్డు అందింది. కార్డంటానేమిటి, అది టెలిగ్రాం. "ఆయన కొడవలి మీద పడ్డారు. తొడ తెగింది. దిగులు పడకు." నెల్లూరు బడిలో ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న దానికి రాయవలసింది ఈ మూడు ముక్కలేనా?

మనిషి కొడవలి మీద ఎలా పడతాడని మా ఆయన మదార్‌ను అడిగాను. రోజంతా కత్తిపీట ముందు కూర్చుని పండ్లు కోసే మనిషి కదా, ఆయనకు తెలుస్తుందని. "చెయ్యి తెగుద్ది, కాలివేలు తెగుద్ది. తొడ తెగాలంటే ఇంకొకడు ఉండాల" అన్నాడు. సరే, నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు.

మా దుకాణానికి మద్రాసు రైల్లో అనాసలు దిగాయి. నాలుగు పంపుతున్నాను. నెల్లూరులో మా నాన్న ఇంట్లో ఉంటాయి. శుక్రవారం సంతకు వచ్చే మీ పాలేరు చిన్నపోలయ్యను తీసుకుపొమ్మను. మీ ఆయనకు రోజూ రెండు ముక్కలు పెట్టు. ఇది నా మాట కాదు, సాయంత్రాలు మా అంగడి ముందు నిలబడి పండు తినే రైల్వే డాక్టరు గారి మాట. తెగిన కండ మళ్లీ అతుక్కోవడానికి మన ఒంట్లో ఒక జిగురు తయారవుతుందట. పుల్లటి పండ్లలో ఉండే సి విటమిన్ లేకపోతే ఆ జిగురు తయారు కాదట. అనాసలో అది నిండుగా ఉంటుంది. వాపు తీస్తుంది, తిన్నది అరిగిస్తుంది, విరిగిన ఎముకకు కూడా మంచిదట. అరిగించే గుణం సంగతి నాకు ముందే తెలుసు. ముదురు మాంసంలో రెండు చెంచాల అనాసరసం పోసి చూడు, గంటలో మెత్తబడిపోతుంది.

తొక్కు మందంగా తీసెయ్యి. కళ్లన్నీ తవ్వి పారెయ్యి. ముక్కల్ని కాసేపు ఉప్పునీళ్లలో వేస్తే నాలుక కొయ్యదు. కాయగా ఉన్నది మాత్రం పెట్టకు, వాంతులవుతాయి. తొక్కు పసుపుపచ్చగా తిరిగి, వాసన వాకిట్లోకి రావాలి.

మీ అత్తగారిని అడిగానని చెప్పు.

నీ
మెహబూబున్నీసా

*

ఇందుకూరుపేట,
28-1-1962.

మెహబూబూ,

పండ్లు చేరాయి. గంప దించీ దించకముందే ఇల్లంతా వాసన. మా అత్త పిచ్చమ్మగారు దొడ్లో నుంచి పరుగెత్తుకొచ్చి, "పుండు మీద పులుపా? చీము పట్టి కాలు తీసేస్తారు. మొగుడి మీద నీకంత కచ్చ ఏందే?" అని కేకలు వేసింది. ఆమె లెక్కలో తెగిన ఒంటికి పథ్యమంటే మొలగొలుకుల పాతబియ్యం అన్నం, మిరియాలపొడి, నెయ్యి, కాచిన పాలు. అంతే. చింతపండు, నిమ్మకాయ, ఆకుకూర, ఏవీ గడప దాటి రాకూడదు. అయినా ఆమె కన్నుగప్పి రోజూ రెండు ముక్కలు పెడుతున్నాను. తింటున్నారు.

నీ దగ్గర దాచి ఏం లాభం? కొడవలి మీద పడలేదు. నరికారు. కాలువ తూము దగ్గర నీళ్ల వంతు కోసం గొడవ. తుంటి కింద మొదలై మోకాలికి జానెడు పైన ఆగింది. నలుగురు మంచం మీద ఎత్తుకొస్తుంటే నులక అంతా నెత్తురు పీల్చి, ఆ బరువుకు తెగిపోయింది. ఆ మంచాన్ని తగలబెట్టాం.

ఆసుపత్రిలో కుట్లు వేయించుకునేటప్పుడే చెప్పారు. "కొడవలి మీద పడ్డానని రాయించండి. కేసు పెడితే వాడు జైల్లో దాక్కుంటాడు. వాడు నాకు బయట కావాల" అన్నారు. నీకు తెలియంది ఏముంది, మా ఆయన కామాక్షయ్యగారు అన్న మాట తప్పరు. అదే నా భయం.

ఎవరు నరికారని అడగకు.

ఇంకొక నాలుగు పండ్లు పంపగలవా? పెద్దవి చూసి పంపు.

శేషమ్మ

*

సూళ్లూరుపేట,
6-2-1962.

శేషమ్మా,

అష్టగ్రహ కూటమి దాటింది. ప్రపంచం మునగలేదు. ఆదివారం మునిగిపోతామని మా వీధిలో సగం మంది శనివారమే పండ్లన్నీ కొనుక్కుపోయి తిన్నారు. సోమవారం పొద్దున అజీర్తికి మందు అడగడానికి మళ్లీ మా దగ్గరికే వచ్చారు. అనాసరసం తాగించి పంపాను.

నవ్వించానా? ఇక అసలు సంగతికి వస్తాను. మైపాడు నుంచి ఎండుచేపల గంపలతో రైల్లో వచ్చే ఆడవాళ్లు మా అంగడి నీడలోనే కూర్చుంటారు. వాళ్ల నోట విన్నాను. నరికింది నీ తమ్ముడు హజరత్తయ్య. అవునా?

ఈ మాట నాకు చెప్పలేకపోయావా? వాడు నీకెంతో నాకూ అంతే కదే! మీ అమ్మ బారాషహీద్ దర్గా చెరువులో మొలలోతు నీళ్లలో నిలబడి కొడుకు కోసం రొట్టె పట్టుకున్నప్పుడు, ఆ రొట్టె చేసిచ్చింది మా అమ్మ. అందుకే కదా రైతుల ఇంట్లో పుట్టిన వాడికి హజరత్ పేరు వచ్చింది. బడికి వెళ్లేటప్పుడు నువ్వు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లం. చీమను తొక్కినా ఏడ్చేవాడు. అలాంటి వాడు కొడవలి ఎత్తాడంటే ఎంత రగిలి ఉంటాడో!

వాడికేమైనా దెబ్బలు తగిలాయా? ఎక్కడున్నాడు? నీకు తెలిసే ఉంటుంది.

ఆరు పండ్లు పంపుతున్నాను. రేపటి నుంచి మాకు ఉపవాసాలు. నెలంతా ఇఫ్తారుకు పండ్లు అడుగుతారు గనుక దుకాణంలో ఊపిరి సలపదు. అయినా నీ గంప ఆగదు. మీ ఆయన పుండు ఎలా ఉందో తప్పకుండా రాయి.

మెహబూబున్నీసా

*

ఇందుకూరుపేట,
25-2-1962.

మెహబూబూ,

అవును, నా తమ్ముడే. రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. మా పుట్టింటి మడి కాలువకు చిట్టచివర, మా అత్తింటి మడి దానికి పైన. వరి పొట్ట మీద ఉంది. ఆయన వంతు అయిపోయి మూడు రోజులైనా తూము పలక దించి పెట్టారు. కింద తమ్ముడి మడి నెర్రెలిచ్చింది. వాడు వచ్చి పలక ఎత్తాడు. నేను గట్టు మీద ఈయనకు సద్ది తెస్తున్నాను. ఈయన ఒక్క మాట అనకుండా వెనక నుంచి పార తిప్పి కొట్టారు. భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండో దెబ్బ తల మీద. వాడు బురదలో పడ్డాడు. మూడోసారి పార ఎత్తినప్పుడు వాడు ఎడమచేత్తో గట్టు మీది కొడవలి అందుకుని, పడుకునే విసిరాడు. తొడ తెరుచుకుంది. తెల్లగా లోపలి ఎముక కనిపించింది, మరుక్షణం నెత్తురు కమ్మేసింది. ఇద్దరూ ఒకే కాలువలో పడి, ఒకరినొకరు ముంచుతున్నారు. నేను ఎవరి పేరు పెట్టి అరిచానో నాకు గుర్తు లేదు.

తమ్ముడు ఎక్కడున్నాడో కాగితం మీద పెట్టను. బతికే ఉన్నాడు.

ఈయన ఇప్పుడు సావిడిలో పడక. ఓట్ల రోజు మంచంతో సహా మోసుకుపోతామని పార్టీవాళ్లు వస్తే, చెంబు విసిరి తరిమారు. నా మీద విసరడం అలవాటే. మొన్న ఇత్తడి చెంబు తగిలి కనుబొమ చీలింది. "నీ రక్తం చూస్తే వాడి రక్తం చూసినట్టుంటది" అన్నారు. చేతికర్ర మంచం పక్కనే పెట్టుకున్నారు. అన్నం పెట్టడానికి వంగితే వీపు మీద దింపుతారు.

రోజంతా మచ్చుకత్తి నూరుతూ ఒకటే మాట. "పుండు మానిన్నాడు తలకు నీళ్లు పోసుకుంటా. నీళ్లు పోసుకున్న దినమే నీ తమ్ముడి తల నరికి తూము మీద పెడతా." పథ్యం విడిచేటప్పుడు తలంటి పోస్తారు కదా, ఆ రోజును ముహూర్తంగా పెట్టుకున్నారు.

పుండు మాత్రం మానలేదు. కుట్లు విప్పాక మళ్లీ నోరు తెరిచింది. పది రోజులుగా చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారుతోంది. కాళ్ల మీద నల్లని చుక్కలు లేచాయి. చిన్నప్పుడెప్పుడో మోకాలికి తగిలి మానిపోయిన దెబ్బ కూడా మళ్లీ విచ్చుకుంది. పండ్లు మాత్రం శ్రద్ధగా పెడుతున్నాను. ఇంకొక ఆరు పంపు.

శేషమ్మ

*

సూళ్లూరుపేట,
3-3-1962.

శేషమ్మా,

రోజాలో ఉన్నాను. పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టని నోటితో ఈ మాటలు చెబుతూ రాస్తున్నాను. అబద్ధం రాయను. నువ్వూ రాయకు.

నీ ఉత్తరంలోని చివరి ముక్కలు రైల్వే డాక్టరుకు చదివి వినిపించాను. ఊరూ పేరూ చెప్పలేదు. ఆయన పండు తినడం మానేసి, "మళ్లీ చదవమ్మా" అన్నాడు. చిగుళ్లు, నల్లచుక్కలు, విచ్చుకున్న పాత గాయం, ఒక్కొక్కటీ అడిగాడు. తర్వాత చెప్పాడు. పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగే వాళ్లకు పచ్చి కూరా పండూ దొరక్క అచ్చం ఇలాగే అయ్యేదట. ముందు చిగుళ్లు, ఆ తర్వాత కాళ్లు, చివరికి ఎప్పుడో మానిన గాయాలు కూడా తెరుచుకుని, కూర్చున్న వాళ్లు కూర్చున్నట్టే పోయేవారట. "వారానికి రెండు అనాసలు తినే మనిషికి ఈ జబ్బు రావడం జరగని పని. ఎవరో అబద్ధమాడుతున్నారు" అన్నాడు.

నా పండు అబద్ధమాడదు. అది నా ముందే రైలు దిగుతుంది, నేను వాసన చూసి ఏరుతాను. ఇక మిగిలింది నువ్వే.

మొన్న పంపిన ఆరుతో కలిపి జనవరి నుంచి పదహారు పండ్లు వచ్చాయి నీ ఇంటికి. ఎవరు తింటున్నారు? మీ అత్త తినదు. నీకు చిన్నప్పటి నుంచి అనాస పడదు, నోరు పూస్తుంది.

ఇంకొక మాట కూడా అడిగేస్తాను. ఈ మాట ఇంకెవరైనా అంటే వాళ్ల నాలుక కోసేదాన్ని. శేషమ్మా, నువ్వు మీ ఆయన్ని చంపుతున్నావా?

మెహబూబున్నీసా

*

ఇందుకూరుపేట,
9-3-1962.

మెహబూబూ,

నీకు పండుగ శుభాకాంక్షలు చెప్పాల్సిన చేత్తో ఇది రాస్తున్నాను.

పండ్లన్నీ తమ్ముడికే వెళ్లాయి. వాడు మైపాడు దగ్గర సరుగుడు తోటలో, పల్లెకారుల గుడిసెలో ఉన్నాడు. చిన్నపోలయ్య గడ్డిమోపులో పెట్టి తీసుకెళ్లి ఇస్తాడు. విరిగిన ఎముకకు మంచిదని నువ్వే రాశావు.

మొదటి గంప వచ్చినప్పుడు ఈయనకు పెట్టాలనే కోశాను. నీ మీద ఒట్టు. నువ్వు చెప్పినట్టే కళ్లు తవ్వి, ఉప్పునీళ్లలో వేసి, పళ్లెం తీసుకెళ్లాను. ఒళ్లో మచ్చుకత్తి పెట్టుకుని నూరుతున్నారు.

"ఇది తింటే బిరీన మానుతుందా?" అని అడిగారు.

"మానుతుందంట."

"అయితే పెట్టు. నీ తమ్ముడికి ముహూర్తం దగ్గరపడుద్ది" అని నోరు తెరిచారు.

ముక్క పట్టుకున్న నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. అంతలో అత్తగారు వచ్చి పళ్లెం లాక్కుంది. పులుపు తింటే చీము పడుతుందని తిట్టింది. తల్లి మాట ఆయన దాటరు, నోరు మూసుకున్నారు. ఆ పూట నాకు దారి కనిపించింది. ఆమె పెట్టిన పథ్యాన్ని నేను పట్టుకున్నాను. ఆమె ఎప్పుడైనా జాలిపడి ఇంత పప్పుచారు పొయ్యమంటే, "వద్దత్తయ్యా, చీము పడుద్ది" అని నేనే అడ్డుకున్నాను. ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది. మొగుణ్ణి ఇంత నిష్ఠగా చూసుకునే ఆడది లేదంటున్నారు.

చంపాలని కాదు, మెహబూబూ. పుండు మానితే ఇద్దరు పోతారు, ఒకరు కత్తికి, ఒకరు ఉరికి. మానకపోతే ఇద్దరూ ఉంటారు. నేను వేసుకున్న లెక్క ఇది. తమ్ముడి భుజం అతికి, వాడు ఏ మద్రాసు రేవులోనో పనికి చేరేదాకా ఈయన లేవకుండా ఉంటే చాలనుకున్నాను. దీనివల్ల ప్రాణం పోతుందని నాకు తెలియదు. నీ ఉత్తరం చదివాక ఆయన కాళ్లు చూడాలంటేనే భయంగా ఉంది. నిన్న లేచి నిలబడబోయి కూలబడ్డారు. మచ్చుకత్తి చేతిలో నుంచి జారింది. ఏడ్చారు. నన్ను కొట్టడానికి కూడా బలం లేదని ఏడ్చారు.

నాది తప్పయితే తప్పని చెప్పు. కానీ నా చోట నువ్వుంటే ఎవరికి పెట్టేదానివో కూడా చెప్పు.

శేషమ్మ

*

సూళ్లూరుపేట,
15-3-1962.

శేషూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నిన్ను చెంపమీద కొట్టాలనిపించింది. రెండోసారి పక్కన కూర్చుని ఏడవాలనిపించింది. మూడోసారి చదివి మదార్ చేతిలో పెట్టాను. ఆయన చదివి చాలాసేపు కత్తిపీట తుడుస్తూ కూర్చున్నాడు.

ఎవరికి పెట్టేదాన్నో చెప్పలేను. మా నాన్న హకీం పని చేస్తాడు కదా, ఆయన దగ్గరికి దొంగ వచ్చినా దొర వచ్చినా ఒకే మందు నూరుతాడు. నేను ఆయన కూతుర్నే. అయినా నా చెయ్యి కూడా వెనక్కి వచ్చేదేమో, ఏమో.

ఇక విను. ఇరవై ఐదో తేదీ ఆదివారం మధ్యాహ్నం మదార్ నెల్లూరు స్టేషన్లో ఉంటాడు. హజరత్తయ్యను అక్కడికి పంపు. ఆయనే మద్రాసు తీసుకెళ్లి పండ్ల మార్కెట్టులో పనికి కుదురుస్తాడు. అదే రోజు, ఆ పూటే, మీ ఆయనకు పండు పెట్టడం మొదలుపెట్టాలి. ఇది బేరం కాదు, ఒట్టు. పది రోజులు ఆగమని చెబుతున్నాను గనుక నేనూ నీ పాపంలో దిగాను. ఆ పది రోజుల్లో మిరియాలపొడి అన్నంలో కాస్త నిమ్మరసం పిండు. మిరియాల ఘాటులో మీ అత్తకు తెలియదు. అంతకు మించి ఆలస్యం చెయ్యకు.

చిగుళ్లు పుండ్లుగా ఉన్నప్పుడు ముక్కలు నమల్లేడు. దంచి, గుడ్డలో పిండి, బెల్లం కలిపి రసం పట్టించు. వారంలో నెత్తురు ఆగుతుందట. నెలలో పుండు మూతిపడుతుందట. లేచాక వాణ్ణి వెతుక్కుంటాడేమో, వెతుక్కోనీ. మద్రాసు సముద్రమంత ఊరు.

నాలుగు పండ్లు పంపాను. ఇవి మీ ఆయనవి.

మెహబూబున్నీసా

*

ఇందుకూరుపేట,
22-3-1962.

మెహబూబూ,

మీ ఇద్దరి కాళ్లకు మొక్కాలి. నిమ్మరసం పిండుతున్నాను. రెండు నెలల తర్వాత నిన్న కడుపునిండా అన్నం తిన్నాను.

మడికి సద్ది తీసుకెళ్తున్నానని చెప్పి చిన్నపోలయ్యతో బండెక్కి సరుగుడు తోటకు వెళ్లి వచ్చాను. తమ్ముణ్ణి చూస్తే నువ్వు గుర్తుపట్టలేవు. ఒళ్లు ఇనుములా తయారైంది. భుజం కాస్త వంకరగా అతికినా, పల్లెకారులతో కలిసి వల లాగుతున్నాడు. తల మీద గాయం చక్కగా మూసుకుంది. "నీ పండే అక్కా, నీ పండే" అని నవ్వాడు. చివరగా తీసుకెళ్లిన పండు ఉప్పూ కారమూ అద్దుకుని ఒక్కడే తినేశాడు.

నా కనుబొమ మీద మచ్చ, వీపు మీద వాతలు చూశాడు. తర్వాత బావ సంగతులన్నీ అడిగాడు. ఎంతయినా చిన్నప్పుడు బావ భుజాలెక్కి తిరునాళ్లు చూసినవాడు కదా. "లేస్తుండాడా? నడుస్తుండాడా? యాడ పడుకోబెట్టినారు? పగలు పక్కన ఎవురుంటారు?" అని అడిగాడు. అన్నీ చెప్పాను. లేవలేడని, కత్తి కూడా పట్టలేడని, సావిడిలో ఒక్కడే ఉంటాడని, కోతలు కనుక పగలంతా అందరం కళ్లం దగ్గరే ఉంటామని చెప్పాను. బావ ఇంక నీ జోలికి రాలేడులే, ధైర్యంగా మద్రాసు పోరా అని కూడా చెప్పాను. తలూపాడు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరతానన్నాడు. మదార్ అన్నను ఎదురుచూడమను. నేను కళ్లానికి పోకుండా ఇంట్లోనే ఉండి, ఆయనకు రసం పడతాను.

శేషమ్మ

*

సూళ్లూరుపేట,
27-3-1962.

శేషమ్మా,

మదార్ ఆదివారం రెండు రైలుబండ్లు చూశాడు. హజరత్తయ్య రాలేదు. సోమవారం కూడా స్టేషన్లోనే ఉండి తిరిగి వచ్చాడు.

వాడు నిన్ను అడిగిన ప్రశ్నలనే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. నీ ఉత్తరం శనివారమే అందింది. టెలిగ్రాం ఇద్దామనుకున్నాను. ఏమని ఇవ్వాలి, ఎవరి చేతిలో పడుతుంది అని ఆగిపోయాను. ఆగకుండా ఉండాల్సింది. వెంటనే రాయి.

మెహబూబున్నీసా

*

ఇందుకూరుపేట,
8-4-1962.

మెహబూబూ,

నిన్నటితో పెద్దకర్మ అయిపోయింది. ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఆదివారం అందరూ కళ్లానికి పోయారు. నేను తలనొప్పని ఆగిపోయాను. పండు దంచి, పిండి, బెల్లం కలిపి గ్లాసుతో తీసుకెళ్లాను. అమ్మ తిడుతుందన్నారు. అమ్మ లేదన్నాను. తల ఎత్తి పట్టుకుని పోశాను. పుండ్లకు తగిలి మండినట్టుంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా గ్లాసు వదల్లేదు. అంతా తాగి, పెదాల మీద నెత్తురు తుడుచుకుని అడిగారు, "శేషూ, ఇంత బాగుండాదే. ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలా?"

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన నన్ను శేషూ అని పిలిచింది అదొక్కసారే. ఇంకా తెస్తానని లోపలికి వెళ్లాను.

రెండో పండు తొక్కు తీస్తున్నాను. సావిట్లో తమ్ముడి గొంతు వినిపించింది. "బావా, తలకు నీళ్లు నేను పోస్తాలే." పరుగెత్తాను. అప్పటికే మొదటి దెబ్బ మెడ మీద పడింది. ఈయన చెయ్యి మంచం కిందికి మచ్చుకత్తి కోసం పోతోంది. వేళ్లు పిడికి తగిలాయి, ఎత్తలేకపోయాయి. రెండో దెబ్బకు ఆ చెయ్యి మణికట్టు దగ్గర వేలాడింది. లేవబోయారు. కాళ్లు లేవలేదు. తమ్ముడి నడుం పట్టుకుని లాగాను. ఇనుపగుంజను లాగినట్టే ఉంది. ఒక్క విదిలింపుకు నేను గోడకు కొట్టుకున్నాను. మూడో దెబ్బ చూశాను. పదకొండని పోలీసులు రాసుకున్నారు.

వాడు ఆయాసపడలేదు కూడా. కత్తి కుడితిగాబులో కడిగి, "ఏడవబాక అక్కా. లేచి నిన్ను కొట్టేవోడు, నన్ను సంపేవోడు ఇంక లేడు" అన్నాడు. వాణ్ణి మనుబోలు దగ్గర లారీలో పట్టుకున్నారు.

బావ కోలుకునేదాకా ఆగితే తను చస్తానని వాడు లెక్క వేసుకున్నాడు. లెక్కకు కావలసినవన్నీ నేనే చెప్పాను. నా మొగుడే మనిషిని చంపగలడనుకున్నాను మెహబూబూ. చీమను తొక్కి ఏడ్చినవాడు చంపలేడనుకున్నాను.

శేషమ్మ

*

సూళ్లూరుపేట,
14-4-1962.

నా తల్లీ,

నేనూ మదార్ వచ్చే వారం వస్తున్నాం. ఈలోపు నా మాట విను. నా ఉత్తరాలన్నీ పొయ్యిలో పెట్టు. నీవి నా దగ్గర ఉన్నాయి, నువ్వు సరే అంటే ఈ పూటే కాల్చేస్తాను. పథ్యం సంగతి నీకు, నాకు, మదార్‌కు తప్ప ఎవరికీ తెలియదు. డాక్టరుకు పేరు తెలియదు. చిన్నపోలయ్య మోసింది గడ్డిమోపే.

నేనే కదా నిజం చెప్పు, నిజం చెప్పు అని నీ ప్రాణం తీసింది! ఇప్పుడు నేనే చెబుతున్నాను. చెప్పకు. పోయినవాడు పోయాడు. నువ్వు మిగలాలి.

మెహబూబున్నీసా

*

ఇందుకూరుపేట,
16-9-1962.

మెహబూబూ,

శుక్రవారం నెల్లూరు కోర్టులో నా సాక్ష్యం. కళ్లారా చూసినదాన్ని నేను ఒక్కదాన్నే.

అమ్మ నిన్న వచ్చి నా కాళ్లు పట్టుకుంది. వెంట ప్లీడరు గుమాస్తా కూడా వచ్చాడు. నేను ఒక్క ముక్క చెబితే తమ్ముడికి ఉరి తప్పుతుందట. "ఆయనే ముందు మచ్చుకత్తి తీసుకుని మంచం మీద నుంచి లేచి మీద పడ్డాడు. తమ్ముడు ప్రాణం కాపాడుకోవడానికి నరికాడు." కత్తి మంచం కిందే దొరికింది. ఆయన శపథం ఊరంతా విన్నది. నమ్ముతారట. "చచ్చినోడు ఎట్టా రాడు. ఉన్నోణ్ణి నిలబెట్టు తల్లీ" అని అమ్మ నేల మీద పడి ఏడ్చింది. సరేనంటానేమోనని సాయంత్రం దాకా నా ముఖమే చూస్తూ కూర్చుంది.

ఒకప్పుడు సరేననేదాన్ని. తమ్ముడి కోసం రెండు నెలలు ఒక మనిషి నోటికి పండు అందకుండా చేసినదాన్ని, నాకు ఒక్క అబద్ధం ఎంత? కానీ ఆయన లేచారని నేను చెప్పలేను. లేవడానికి ప్రయత్నించి, కాళ్లు రాక, నా వైపు చూశారు. ఎందుకు రావడం లేదో ఆయనకు తెలియదు. తెలియకుండానే పోయారు. ఆ చూపు చూసిన తర్వాత ఆయన కాళ్ల మీద నిలబడ్డారని నా నోటితో అనలేను. తమ్ముడికి ఏ శిక్ష పడినా నేను చేసినదానిలోనుంచే పడుతుంది. వాణ్ణి చూడటానికి రోజూ జైలుకు పోతాను, పోనిచ్చినన్నాళ్లూ.

నీ ఉత్తరాలు కాల్చలేదు. నావి నువ్వు కాల్చి ఉండవని నాకు తెలుసు. శుక్రవారం వచ్చేటప్పుడు అన్నీ తీసుకురా. నీ పేరు బయటికి వస్తుంది, మదార్ అన్న పేరూ వస్తుంది. అందుకు నన్ను క్షమించు.

ఆయన లేవలేకపోయారని చెబుతాను. ఎందుకు లేవలేకపోయారని జడ్జిగారు అడిగితే అదీ చెబుతాను. అడగకపోతే, నేనే చెబుతాను.

శేషమ్మ